దసరాకు యోగా కానుకలు: ముగ్గురికి మూడు మ్యాట్లు వద్దు

ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం. మీరుండేది నల్లగొండలో. దసరాకు అక్కాబావలు వస్తున్నారు, ఇంట్లో అత్తమ్మ ఉన్నారు. ముగ్గురికీ యోగా అలవాటుంది కాబట్టి ఈసారి బట్టలకు బదులు దానికి పనికొచ్చేవే పెడదామనుకుంటున్నారు. అక్క ఏడాదిగా ఫోన్‌లో క్లాసులు చూసి చేస్తోంది. బావ పొద్దున్నే డాబా మీద సూర్యనమస్కారాలు చేస్తారు, చెమట బాగా పడుతుంది, మనిషి 5 అడుగుల 10 అంగుళాలు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, మెడ, నడుము పట్టేసినట్టుంటాయి. ఆమె చేసేది ప్రాణాయామం, కూర్చుని చేసే చిన్న చిన్న కదలికలు. మొత్తం 5,000 రూపాయలు. తలా ఒక మ్యాట్ తీసుకుంటే అయిపోతుంది కదా అన్నారు.

అయిపోదు. ఆ ముగ్గురిలో మ్యాట్ అవసరమున్నది బావకొక్కరికే. ఏడాదిగా చేస్తున్న అక్క దగ్గర మ్యాట్ లేకుండా ఉండదు. కింద కూర్చుని లేవడమే కష్టమైన అత్తమ్మకు మ్యాట్ ఇస్తే అది బీరువా మీదికి పోతుంది. యోగా సామాను చెప్పుల్లాగే, ఎవరి కాలికి తగ్గది వాళ్లకు. కొనేముందు మూడు సంగతులు తెలుసుకోండి: ఏ నేల మీద చేస్తారు, ఎలాంటి ఆసనాలు చేస్తారు, ఒంట్లో ఎక్కడ ఇబ్బంది. మాటల్లో పెట్టి అడిగితే ఫోన్‌లోనే చెప్పేస్తారు.

బావ మ్యాట్‌తో మొదలుపెడదాం, ఎక్కువ పైసలు పోయేదీ ఎక్కువమంది మోసపోయేదీ అక్కడే.

దుకాణంలో అడగ్గానే చేతికిచ్చేది మందపాటి మెత్తటి మ్యాట్, 10 మిల్లీమీటర్లదో 12దో. వేలితో నొక్కితే హాయిగా ఉంటుంది, అందుకే అమ్ముడవుతుంది. పడుకుని చేసే వ్యాయామాలకు అది పర్వాలేదు. సూర్యనమస్కారాలకు మాత్రం పనికిరాదు. బరువంతా అరచేతుల మీద పడినప్పుడు మణికట్టు దగ్గరి అరచేతి భాగం మెత్తలోకి దిగిపోతుంది, వేళ్లు పైన ఉండిపోతాయి, మణికట్టు ఇంకా ఎక్కువ వంగుతుంది. నెల తిరక్కుండానే మణికట్లు నొప్పి అంటారు, తప్పు ఆసనం మీదికి పోతుంది. అధోముఖ శ్వానాసనంలో చేతులు ముందుకు, కాళ్లు వెనక్కి తోస్తుంటే మెత్తటి మ్యాట్ మధ్యలో సాగుతుంది. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో చీలమండ ఊగుతుంది. ఆయన చేసే పద్ధతికి 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందం చాలు.

సరుకు విషయం. ఈవీఏ, అంటే ఒకరకం ఫోమ్ మ్యాట్లు తేలిక, చవక, 400-600కు వస్తాయి. కానీ డాబా గరుకు సిమెంటు మీద పొట్టు లేస్తాయి, ఎండ తగిలితే ముడుచుకుంటాయి. పీవీసీ గట్టిది, చాలాకాలం మన్నుతుంది, అయితే కొత్తలో పైన నున్నటి పొర ఉండి జారుతుంది. తడిబట్టతో నాలుగైదుసార్లు తుడిచి వాడుతూ పోతే పట్టు వస్తుంది. టీపీఈ, అంటే రబ్బరులా సాగే ప్లాస్టిక్, నడిమి రకం, కిలో దగ్గర బరువు, ఇంట్లో చేసేవాళ్లకు బాగుంటుంది, 1,000 అటూ ఇటూ. చెమట బాగా పట్టే మనిషికి సహజ రబ్బరుది తీసుకోండి. 2,000 నుంచి మొదలవుతుంది. దానికంటే పట్టున్నది పైన పాలీయూరిథేన్ పొర వేసిన రబ్బరు మ్యాట్. తడి చేతికి ఇంకా బాగా పట్టుకుంటుంది, కానీ గోరు గీసుకుంటే గీత మిగిలిపోతుంది, నూనె మరక పడితే పోదు, ధర కూడా మీ లెక్క దాటుతుంది.

పొడవు మర్చిపోకండి. మామూలుగా దొరికేది 61 సెంటీమీటర్ల వెడల్పు, 173 సెంటీమీటర్ల పొడవు. బావ ఎత్తు 178. శవాసనంలో మడమలు సిమెంటు మీదికి పోతాయి. 183 పొడవున్నదే అడగండి. వెబ్‌సైట్‌లో బొమ్మ చూసి కాదు, కొలతలు చదివి కొనాలి.

దుకాణంలో పరీక్ష ఇలా చేయండి. మ్యాట్ నేల మీద పరిపించుకోండి. మూల ఒకటి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి పది లెక్కపెట్టేదాకా గట్టిగా నొక్కి వదలండి. గుంట వెంటనే పూడితే మంచిది. గోరు అచ్చు అలాగే నిలిచిపోతే లోపల గాలి ఎక్కువ, సరుకు తక్కువ. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని అరచెయ్యి పెట్టి ముందుకు తోయండి. చేతి ముందు ముడత లేస్తే మెత్తదనం ఎక్కువన్నమాట, మొత్తం మ్యాటే జరిగితే కింది పట్టు లేదన్నమాట. చివరగా చేత్తో ఎత్తి చూడండి. 5 మిల్లీమీటర్ల సహజ రబ్బరు మ్యాట్ ఆ పొడవుకు రెండు కిలోల పైనే తూగుతుంది. పేపరు మీద రబ్బరని రాసి ఉండి కిలోకు మించి లేకపోతే అది రబ్బరు కాదు. సహజ రబ్బరుకు కొత్తలో వాసన కూడా ఉంటుంది, నీడలో పరిచి ఉంచితే వారం రెండు వారాల్లో తగ్గుతుంది. రబ్బరు తగిలితే దద్దుర్లు వచ్చే తత్వం ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వకూడదు. బావకు బెలూన్లకో డాక్టర్ల గ్లౌజులకో దురద వస్తుందా అని అక్కను అడిగితే తెలుస్తుంది.

ఈ మ్యాట్ పాడయ్యేది వాడకంతో కాదు, వాడనప్పుడు ఉంచే చోటుతో. చెమట ఆరాలని డాబా మీద ఎండలో వేస్తారు. మన ఎండకు ఒక్క వేసవిలో పైపొర పగిలి పొడి రాలుతుంది. రెండో శత్రువు కొబ్బరినూనె. తలకు నూనె రాసుకుని అదే పూట శవాసనం వేస్తే తల దగ్గర రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ఆ చోటు జారుతుంది కూడా. తల కింద పాత తువ్వాలు వేసుకోమని చెప్పండి. కడగడానికి వాషింగ్ మెషీన్ వద్దు, బకెట్‌లో నానబెట్టొద్దు. లీటరు నీళ్లలో రెండు మూడు చుక్కలు సబ్బు ద్రవం కలిపి బట్టతో తుడిచి, మంచినీళ్ల బట్టతో మళ్లీ తుడిచి, నీడలో ఆరేయాలి. బోరు నీళ్లతో తుడిచి వదిలేస్తే తెల్లటి చారలు కడతాయి, వెంటనే పొడిబట్ట వేయాలి. ఆరేసేటప్పుడు సన్న తీగ మీద వేస్తే మధ్యలో మడత నిలిచిపోతుంది. లావు పైపు మీద గానీ తలుపు మీద గానీ వేయాలి. ఇవన్నీ చిన్న కాగితం మీద రాసి కానుకలో పెట్టండి. మంచి మ్యాట్ ఇచ్చి ఈ నాలుగు ముక్కలు చెప్పకపోతే పైసలు సగం వృథా.

ఇంకో చిట్కా. డాబా గరుకుకు కొత్త మ్యాట్ అడుగు అరగకుండా బావ దగ్గరున్న పాత మ్యాట్‌ను కింద వేసి దాని మీద ఇది పరుచుకోమనండి. జంపఖానా మీద మాత్రం మ్యాట్ వేయొద్దు, రెండూ కలిసి జారతాయి. జంపఖానానే మ్యాట్ పైన వేసుకుంటే అది వేరే సంగతి. మందపాటి నూలు జంపఖానాను మ్యాట్ మీద వేసుకుని చెమట పట్టే ఆసనాలు చేసే పద్ధతి ఉంది. నూలుకు తడి తగిలితే పట్టు పెరుగుతుంది, పొడిగా ఉంటే జారుతుంది. అందుకే మొదట్లో చేతులు పెట్టే చోట కాసిన్ని నీళ్లు చల్లుకుంటారు. వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, 2 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవున్నది దొరికితే బావ మ్యాట్ మీదికి సరిపోతుంది. చెమట పట్టని మనిషికి, టైల్స్ నేల మీద ఒట్టి జంపఖానా ఇస్తే పడిపోతారు.

అక్కకు బోల్‌స్టర్ చేయించండి. గట్టిగా కూరిన గుండ్రటి దూది దిండు అది. ఏడాది చేసినవాళ్లకు ఆసనాలు వస్తాయి, విశ్రాంతి ఆసనాలే సరిగా కుదరవు. అరికాళ్లు కలిపి వెల్లకిలా పడుకునే సుప్త బద్ధకోణాసనంలో వెన్ను కింద, శవాసనంలో మోకాళ్ల కింద, బాలాసనంలో ఛాతీ కింద, గోడకు కాళ్లు చాచి పడుకున్నప్పుడు నడుము కింద, ఇన్ని చోట్ల పనికొస్తుంది. పైగా దీన్ని ఎవరూ సొంతానికి కొనుక్కోరు, కాబట్టి కానుకకు ఇదే తగినది. ఆన్‌లైన్‌లో కొంటే 1,500 నుంచి 2,500 దాకా పెడతారు, చాలావాటిలో ఉండేది స్పాంజి ముక్కలో పాలియెస్టర్ దూదో. మూడు నెలల్లో చదునవుతుంది. ఇక్కడ పరుపులు కుట్టేవాళ్ల దగ్గర అసలు దూదితో 1,200 లోపు అవుతుంది, కొలతలు చెప్పగలిగితే.

కొలతలు ఇవి. పొడవు 62 సెంటీమీటర్లు, అడ్డం 23 సెంటీమీటర్లు. అడ్డం 23 ఉంటే చుట్టుకొలత 72 వస్తుంది. కుట్టుకు రెండువైపులా ఒకటిన్నర వదిలితే గుడ్డ ముక్క 75 సెంటీమీటర్ల వెడల్పు, 65 పొడవు. రెండు చివరలకు 26 సెంటీమీటర్ల గుండ్రాలు రెండు. లోపలి సంచి మందపాటి తెల్లటి నూలు గుడ్డతో కుట్టించి దూది దాంట్లో నింపాలి. పైతొడుగు అదే కొలతలో ఒక్క సెంటీమీటరు వదులుగా, పొడవు కుట్టులో 45 సెంటీమీటర్ల జిప్పు పెట్టి, ఒక చివర పట్టుకోవడానికి చిన్న పట్టీ. జిప్పు పొడవు తగ్గిస్తే ఉతికినప్పుడల్లా గట్టి దిండును బయటికి లాగలేక కుట్టు చిరుగుతుంది.

దూది రెండున్నర నుంచి మూడు కిలోలు పడుతుంది. అసలు తప్పు ఇక్కడే జరుగుతుంది. దిండు అనగానే కుట్టేవాళ్లు కిలోన్నర వేసి వదులుగా కూరి ఇస్తారు. తలదిండుకు అది సరే. మీరు చెప్పాల్సింది: ఏకిన దూదిని సంచి పొడవున పొరలా పరిచి, చాప చుట్టినట్టు గట్టిగా చుట్టి, ఆ చుట్టను సంచిలోకి దించి, మిగిలిన ఖాళీలు చివరల నుంచి కూరాలి. గుప్పెళ్లుగా కూరితే నెలలోనే గడ్డలు కడుతుంది. తీసుకునేటప్పుడు మోకాలు ఆనించి బరువు వేసి చూడండి. మందంలో మూడోవంతుకు మించి దిగకూడదు. కొత్త దూదే కావాలని గట్టిగా అడగండి. పాత పరుపుల దూది, మిల్లు దుమ్ము కలిపింది వేస్తే అక్క దాని మీద బోర్లా పడుకున్నప్పుడల్లా తుమ్ములు. బూరుగు దూది మెత్తగా, తేలిగ్గా ఉంటుంది కానీ ఈ పనికి తొందరగా అణిగిపోతుంది, మామూలు పత్తి దూదే మేలు. దసరా నాటికి వాన తేమ పూర్తిగా పోదు, కాబట్టి నింపే ముందు దూదికి ఒకరోజు ఎండ చూపించమనండి. తర్వాత కూడా నెలకోసారి ఎండలో పెట్టి దులిపితే మళ్లీ పొంగుతుంది.

పైతొడుగుకు పోచంపల్లి ఇక్కత్ నూలు గుడ్డ తీసుకోండి, మీకు గంటన్నర దూరం. మామూలు 44 అంగుళాల పన్నాలో మీటరు తీసుకుంటే ఉతికితే కుదించుకుపోయే భాగం పోను సరిపోతుంది. అసలుదో అచ్చుదో చూడటం సులువు: ఇక్కత్‌లో రంగు నేసేముందే నూలుకు ఎక్కుతుంది కాబట్టి రెండువైపులా డిజైను ఒకేలా ఉంటుంది, అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. వెనకవైపు వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన గుడ్డ. తెల్ల చేతిరుమాలు తడిపి రుద్దండి, రంగు బాగా అంటితే విడిగా ఒకసారి ఉతికించాకే కుట్టించాలి. లేకపోతే చెమటకు అక్క లేతరంగు టీషర్టు ఎర్రబడుతుంది. పుట్టపాక తేలియా రుమాలు కూడా బాగుంటుంది గానీ, నిజమైనదైతే దిండుకు చుట్టడానికి ఎవరికీ మనసొప్పదు. పట్టు, జరీ మాత్రం వద్దు. జారతాయి, గుచ్చుకుంటాయి.

బోల్‌స్టర్‌తో పాటు కళ్ల మీద వేసుకునే చిన్న దిండు ఇంట్లోనే కుట్టొచ్చు. 100 రూపాయలు కూడా కాదు. కుట్టాక 22 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. లోపల అవిసె గింజలు 200 నుంచి 225 గ్రాములు. సంచి ముప్పాతిక వంతే నిండాలి, నిండా నింపితే ముక్కు దూలం మీద బిగుసుకుని కళ్ల మీద వాలదు. అవిసె గింజే ఎందుకంటే అది నున్నగా, పలచగా ఉంటుంది, ముఖం వంపుల్లోకి జారి సర్దుకుంటుంది. బియ్యం బరువుగా కుప్ప పడుతుంది, పురుగు కూడా తొందరగా పడుతుంది. గింజలను డబ్బాలో వేసి మూడు నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, తీశాక తేమ పూర్తిగా ఆరనిచ్చి నింపితే పురుగు గుడ్లు ఉన్నా చస్తాయి. తొడుగుకు మెత్తబడ్డ పాత నారాయణపేట నూలు చీర ముక్కను మించింది లేదు. సుగంధ నూనెలు చల్లకండి, కళ్లు మండుతాయి. గ్లాకోమా ఉన్నవాళ్లకు, ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లకు ఇది ఇవ్వకూడదు, కంటి మీద బరువు పడటం మంచిది కాదు. కాబట్టి అక్కకు ఇవ్వండి, అత్తమ్మకు కంటి సంగతి తెలిశాకే.

అత్తమ్మకు కుర్చీ. ఇది కానుకలా కనిపించదని మీరు అనుకోవచ్చు. చేతులు ఆనించే పట్టీలు లేని ఇనుప మడత కుర్చీ, సీటు ఎత్తు 45 సెంటీమీటర్లు, ముందూ వెనకా కాళ్లను కలుపుతూ అడ్డకడ్డీలు, నాలుగు కాళ్లకు రబ్బరు తొడుగులు. 1,200 దగ్గర దొరుకుతుంది. ప్లాస్టిక్ కుర్చీ వద్దనేది ఇందుకు: ముందుకు వంగినప్పుడు కాళ్లు విచ్చుకుంటాయి, టైల్స్ మీద మొత్తం వెనక్కి జారుతుంది. ఇనుపదైనా పాత మ్యాట్ ముక్క మీద, వీపు గోడవైపు ఉండేలా వేయాలి. యోగా కుర్చీ అని వీపు పలక లేకుండా ఎక్కువ ధరకు అమ్ముతారు. కాళ్లు వెనక నుంచి దూర్చి చేసే ఆసనాలకు అది అవసరం, అత్తమ్మకు కాదు. ఆమెకు వీపు ఆనుకునే పలక ఉండాలి. కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. వేలాడితే తొడల కింద నొక్కుకుని తిమ్మిరెక్కుతుంది, అప్పుడు పాదాల కింద చదునైన పీట వేయండి.

అత్తమ్మ పుట్టి పెరిగింది మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపైతే ఒక మాట. ఏళ్లతరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు మెడ, నడుము బిగుసుకోవడం కండరాల బిగువు కాకపోవచ్చు. కీళ్లను పట్టి ఉంచే పట్టీలే గట్టిపడి ఎముకలా మారతాయి. అది సాగదీస్తే సాగదు, బలవంతంగా వంచితే నరాలకు దెబ్బ. అలాంటి అనుమానం ఉంటే యోగా బెల్టులు, సాగే రబ్బరు పట్టీలు కొనిపెట్టొద్దు, ముందు ఎముకల డాక్టరుకు చూపించాలి. కుర్చీ మీద ప్రాణాయామం, మణికట్టు, చీలమండ తిప్పడం లాంటివాటికి ఇబ్బంది ఉండదు.

కుర్చీ మీద పరచడానికి, పైసలు మిగిలితే, గొంగడి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసేది. ఉన్ని గొంగడి నాలుగు మడతలు పెడితే గట్టి ఆసనమవుతుంది, స్పాంజిలా కుంగదు. సర్వాంగాసనం వేసేవాళ్లకు భుజాల కింద పెట్టుకోవడానికీ ఇదే సరైనది. గరుకు కాబట్టి పైన నూలు గుడ్డ వేసుకోవాలి. చింతగింజల గంజి పెట్టి గట్టిపరుస్తారు, కాబట్టి కొత్తదాన్ని నానబెట్టి ఉతికితే ఆ బిగువు పోతుంది. దులిపి ఎండలో వేస్తే చాలు, మడిచి పెట్టేటప్పుడు వేపాకు వేయండి. సంతల్లో అక్రిలిక్ కలిపినవి కూడా గొంగడి పేరుతోనే అమ్ముతున్నారు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించండి: ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, మంట తీయగానే ఆరుతుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. అమ్మేవాణ్ని అడిగే చేయండి, అసలు సరుకు ఉన్నవాడు వద్దనడు.

కృష్ణాజినం, అంటే కృష్ణజింక చర్మం మీద కూర్చుంటే ధ్యానం కుదురుతుందని ఎవరైనా సలహా ఇస్తే పట్టించుకోకండి. గీతలో ధ్యానాసనానికి అజినం, అంటే చర్మం అన్న మాట ఉన్నది నిజమే, కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది కొన్నా అమ్మినా కేసే.

బ్లాకులు, బెల్టు గురించి క్లుప్తంగా. బ్లాకులంటే చెయ్యి నేలకు అందనప్పుడు కింద పెట్టుకునే ఇటుకలాంటి దిమ్మలు, బెల్టు పాదం చేతికి అందనప్పుడు తగిలించి పట్టుకునేది. బ్లాకులు ఎప్పుడూ జతగా ఇవ్వాలి, ఒక్కటి ఇస్తే సగం ఆసనాలకు పనికిరాదు. 23 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 7.5 మందం ఆడవాళ్ల చేతికి సరిపోతుంది. 10 మందానిది పెద్ద చేతులకు. బొటనవేలితో నొక్కితే గుంట పడే ఫోమ్ తీసుకోవద్దు, త్రికోణాసనంలో చెయ్యి ఆనించగానే ఒరుగుతుంది. బెల్టు కొనక్కర్లేదు. ఒకటిన్నర అంగుళం వెడల్పు నూలు నవారు రెండున్నర మీటర్ల పైచిలుకు తీసుకుని, ఉతికి ఆరేసి, చివర ఐదు సెంటీమీటర్లు మడిచి రెండు ఇనుప డీ రింగులు దూర్చి, మడతను చతురస్రంగా కుట్టి మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తులా కుట్టిస్తే 8 అడుగుల బెల్టు తయారు. సంచులు కుట్టేవాళ్ల మిషనే దీనికి ఆగుతుంది. నైలాన్ నవారు జారుతుంది, తొడను కోస్తుంది. ప్లాస్టిక్ క్లిప్పు బరువు పడినప్పుడు ఊడుతుంది.

ఇవ్వకూడనివి కొన్ని. వెన్ను కింద పెట్టుకుని వెనక్కి వాలే చక్రాలు, శీర్షాసనం స్టాండ్లు అడగకుండా ఎవరికీ కొనిపెట్టకండి. మెడ మీదికి వచ్చే సామాను గురువు పక్కన లేకుండా వాడటం ప్రమాదం. అగరొత్తుల డబ్బాలు యోగా కానుకల్లో ఎందుకు పెడతారో అర్థం కాదు. లోతుగా ఊపిరి పీల్చే మనిషి ముందు పొగ పెట్టడమేమిటి. రుద్రాక్షమాల ఇస్తే జపానికి ఇవ్వండి, ఆసనాల్లో మెడలో ఉంటే పూసలు గుచ్చుకుంటాయి, నీళ్లలో మునిగితే అసలుదనే పరీక్షను నమ్మకండి. బట్టల జోలికి పోకపోతేనే మంచిది, కొలతలు కుదరవు. పెట్టాలనే ఉంటే నడుము దగ్గర నాడా ముడి లేకుండా వెడల్పు ఎలాస్టిక్ ఉన్నది చూడండి, భుజంగాసనంలో ఆ ముడి పొట్టలో గుచ్చుకుంటుంది. వదులు కుర్తా అయితే తల కిందికి వంచగానే ముఖం మీద పడుతుంది. ఇక యోగా చేయని బంధువులకు మ్యాట్ ఇవ్వడం అంటారా, లావయ్యారని చెప్పినట్టే తీసుకుంటారు.

రాగి సామాను గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మన దగ్గర అందరూ ముందు కొనేది అదే. రాగి సీసా కానుకగా బాగానే ఉంటుంది, మామూలు నీళ్లు రాత్రి పోసి పొద్దున తాగడానికి. నిమ్మరసం, మజ్జిగ పోయకూడదు, పులుపుకు రాగి కరిగి వాంతులవుతాయి. లోపల పచ్చటి చిలుము కనిపిస్తే చింతపండు, ఉప్పుతో తోమి బాగా కడగాలి. అయస్కాంతం అంటుకుంటే అది పైపూత రాగి. రాగిలో పెడితే ఫ్లోరైడ్ పోతుందని మన జిల్లాలో గట్టిగా నమ్మేవాళ్లున్నారు. పోదు. కాచినా పోదు, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. నల్లగొండ పేరుతోనే పిలిచే ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతిలో వాడేది పటిక, సున్నం. దాంట్లో రాగి ఊసే లేదు.

ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కునే జలనేతి కుండ ఇవ్వాలనుకుంటే రాగిది అసలే వద్దు, ఉప్పునీళ్లకు తినేస్తుంది. స్టీలుదో పింగాణీదో తీసుకోండి. అర లీటరు నీళ్లకు 4.5 గ్రాముల ఉప్పు, అంటే ముప్పావు టీ చెంచా. తక్కువైనా ఎక్కువైనా ముక్కు మండుతుంది. నీళ్లు మాత్రం ఖచ్చితంగా మరిగించి చల్లార్చినవి కావాలి. కుళాయి నీళ్లు, ఫిల్టర్ నీళ్లు నేరుగా ముక్కులో పోస్తే అరుదుగానైనా మెదడుకు పాకే అమీబా జబ్బు రావచ్చు, అది వస్తే బతకడం కష్టం. ఆ జాగ్రత్త పాటిస్తారని నమ్మకం ఉన్నవాళ్లకే ఇవ్వండి.

లెక్క వేస్తే: బావ మ్యాట్ 2,200, అక్క బోల్‌స్టర్ 1,200, కళ్ల దిండు 100, అత్తమ్మ కుర్చీ 1,200. మొత్తం 4,700. మిగిలిన 300తో నవారు బెల్టు వస్తుంది. గొంగడికి ఇంకొంచెం కలుపుకోవాలి.

ఇంకొకటి, రోజులు చూసుకోండి. ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యాక ఏ టైలరూ బోల్‌స్టర్ తొడుగు ముట్టుకోడు, జాకెట్ల పని నెత్తి మీద ఉంటుంది. గుడ్డ వినాయక నిమజ్జనం అయిన వారంలో తెచ్చి ఇచ్చేయండి. పరుపుల దుకాణానికి దూది ఎండబెట్టే రోజుతో కలిపి మూడు రోజులు. మ్యాట్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పది రోజుల ముందే తెప్పించి, విప్పి, నొక్కి, తూచి చూడండి. నచ్చకపోతే తిప్పి పంపే గడువు పండగలోపే ముగుస్తుంది, కవరు చింపకుండా అలమరలో దాచిపెడితే జమ్మి పెట్టే రోజుకు చేసేదేమీ ఉండదు.